లగ్నపత్రిక రాయకముందే వయసు చూడాలి: గుడి, ఖాజీ, చర్చి ఆఫీసులకు పని పద్ధతి

పెళ్లి కబురు సర్కారు మనుషులకు చేరేసరికి పందిరి లేచిపోయి ఉంటుంది. పంతులుగారికి మాత్రం నెల ముందే తెలుస్తుంది. ముహూర్తం పెట్టించుకోవడానికి వచ్చినవాళ్లు అప్పటికి శుభలేఖలు అచ్చు వేయించి ఉండరు, షామియానాకు, వంటవాళ్లకు అడ్వాన్సులు ఇచ్చి ఉండరు. ఆ రోజు "ఇంకో పది నెలలు ఆగండి" అంటే వాళ్లకు పోయేది పెద్దగా ఏమీ లేదు. అదే మాట పీటల మీద పోలీసుల నోట వినాల్సి వస్తే అప్పు చేసి తెచ్చిన డబ్బు, చుట్టాల్లో పరువు రెండూ ఒకేసారి పోతాయి. అందుకే ఎదురు తిరుగుతారు, లేదా తలూపి పంపించి మూడు వారాలకు ఇంకో ఊళ్లో కానిచ్చేస్తారు. కాబట్టి వయసు అడగాల్సింది ముహూర్తం పెట్టేటప్పుడే. ఖాజీ ఆఫీసులో నిఖా తేదీ రాసుకునేటప్పుడు, చర్చిలో వివాహ ప్రకటనకు పేర్లు తీసుకునేటప్పుడు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20–24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకుండా పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఈ పెళ్లిళ్లలో చాలావాటికి ఎవరో ఒకరు ముహూర్తం పెట్టారు, ఎవరో ఒకరు మంత్రం చదివారు లేదా నిఖా చదివించారు.

చట్టం ఎవరిని పట్టుకుంటుంది

బాల్యవివాహ నిషేధ చట్టం 2006లో వచ్చి, 2007 నవంబరు 1 నుంచి అమల్లో ఉంది. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. ఇద్దరిలో ఏ ఒక్కరికి నిండకపోయినా అది బాల్యవివాహమే. గుళ్లలో ఎక్కువగా జారిపోయేది అబ్బాయి వయసు. అమ్మాయికి పంతొమ్మిది, అబ్బాయికి ఇరవై అయితే ఎవరూ పట్టించుకోరు, చట్టం పట్టించుకుంటుంది.

పురోహితులు, ఖాజీలు, పాస్టర్లు గుర్తుపెట్టుకోవాల్సింది సెక్షన్ 10. బాల్యవివాహం జరిపించినా, నడిపించినా, జరపమని పురమాయించినా, తోడ్పడినా రెండేళ్ల దాకా కఠిన జైలుశిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా. సెక్షన్ 15 ప్రకారం పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, స్టేషన్‌లో బెయిలు అడిగే హక్కు ఉండదు. సెక్షన్ 10లో ఒకే ఒక్క మినహాయింపు ఉంది. అది బాల్యవివాహం కాదని నమ్మడానికి తనకు కారణం ఉందని జరిపించినవాడే నిరూపించుకోవాలి. "వాళ్లు పద్దెనిమిది అన్నారు, నేను నమ్మాను" అనేది కారణం కిందికి రాదు. ఏ కాగితం చూశారు, ఎప్పుడు చూశారు, ఎక్కడ రాసుకున్నారు అన్నవే కారణాలు. కింద చెప్పే రిజిస్టరు ఆడపిల్లకు ఎంత రక్షణో రాసిన పంతులుగారికీ అంతే రక్షణ.

పద్దెనిమిదో ఏడు వేరు, పద్దెనిమిది నిండడం వేరు

వచ్చినవాళ్లను "వయసెంత?" అని అడగకండి. "పుట్టిన తేదీ చెప్పండి" అనండి. మన ఊళ్లలో "పద్దెనిమిది వచ్చాయి" అంటే చాలాసార్లు పద్దెనిమిదో ఏడు నడుస్తోందని అర్థం, అంటే నిండినవి పదిహేడే. వాళ్లు అబద్ధమాడటం లేదు, లెక్క అలా అలవాటైంది. మీరు తేదీ రాసుకుని, దాన్నుంచి ముహూర్తం రోజుకు ఎన్నేళ్లు, ఎన్ని నెలలు అన్నది వాళ్ల ముందే లెక్కకట్టాలి. వాళ్లు మీ దగ్గరికి వచ్చిన రోజుతో పని లేదు, తాళి కట్టే రోజుకు నిండాలి.

జాతకం చూసే పురోహితులకు తాసీల్దారుకు కూడా లేని వసతి ఒకటి ఉంది. పొంతన కోసం పుట్టిన తేదీ, సమయం, ఊరు వాళ్లంతట వాళ్లే చెబుతారు. ఆ తేదీ ఒకటి, తర్వాత చేతిలో పెట్టిన ఆధార్‌లో తేదీ ఇంకొకటి అయితే అక్కడే ఆగండి. సంవత్సరం పేరు చెప్పినా లెక్క తేలుతుంది. విరోధి నామ సంవత్సరం 2009 మార్చి 27 ఉగాదితో మొదలైంది. ఆ ఏడాది పుట్టిన ఏ ఆడపిల్లకూ 2027 మార్చి చివరి వారం దాకా 18 నిండవు.

వయసు దాచాలనుకున్నవాళ్లు దీనికి ఒక దారి కనిపెట్టుకున్నారు. "జాతకం రాయించలేదండీ, పేరుబలం మీద చూసేయండి" అంటారు. పేరుబలం మీద చూడటంలో తప్పులేదు, నిజంగానే జాతకాలు లేని ఇళ్లు ఎన్నో. కానీ బడికి వెళ్లిన పిల్లకు పుట్టిన తేదీ ఉన్న కాగితం ఏదో ఒకటి ఉండకపోదు. పేరుబలం అన్నప్పుడల్లా కాగితం తప్పనిసరి అని నియమం పెట్టుకోండి.

ఏ కాగితం నమ్మాలి

పదో తరగతి మెమో మొదటిది. పుట్టిన తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉంటుంది, దిద్దడం కష్టం. పది దాటని పిల్లయితే బడి నుంచి టీసీ గానీ, పుట్టిన తేదీతో ఉన్న స్టడీ సర్టిఫికెట్ గానీ తెమ్మనండి. బడి మొహం చూడని పిల్లకు పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. 2015 బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్‌లో వయసు తేల్చే వరుస కూడా ఇదే: ముందు బడి లేదా పదో తరగతి పత్రం, అది లేకుంటే జనన ధ్రువపత్రం, రెండూ లేకుంటే వైద్య పరీక్ష. ఆ పరీక్ష పని మీది కాదు. కాగితాలు లేవంటే ఈ చట్టం కింద సర్కారు నియమించిన బాల్యవివాహ నిషేధ అధికారి దగ్గరికి పంపడమే.

జనన ధ్రువపత్రంలో అందరూ పుట్టిన తేదీ ఒక్కటే చూస్తారు. దాని కింద రిజిస్టరు చేసిన తేదీ కూడా ఉంటుంది, అదీ చూడండి. పుట్టిన వారం పది రోజుల్లో నమోదైనదైతే బలమైన కాగితం. పదిహేడేళ్ల తర్వాత, మొన్న నెలలో నమోదైందంటే ఎందుకో అడగాలి. ఆలస్యపు నమోదు చట్టబద్ధమే, ఏడాది దాటితే అధికారి ఉత్తర్వు కావాలి. కానీ ఆ ఉత్తర్వుకు ముందు బడిలో ఏ తేదీ ఉందో చూడకుండా ఒప్పుకోవద్దు.

ఆధార్ గుర్తింపుకు పనికొస్తుంది, వయసుకు కాదు. పుట్టిన తేదీకి ఇది రుజువు కాదని ఆధార్ సంస్థే చెప్పింది. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా ఒక ప్రమాద పరిహారం కేసులో ఆధార్‌ను పక్కనపెట్టి బడి సర్టిఫికెట్‌లోని తేదీనే తీసుకుంది. కారణం సులువుగానే అర్థమవుతుంది. చాలామందికి కార్డు తీసిన రోజున ఇంటివాళ్లు చెప్పిన తేదీనే ఎక్కించారు. ఓటరు కార్డూ అంతే.

జిరాక్సును ఎప్పుడూ ఒప్పుకోకండి. 2009లో తొమ్మిదిని ఏడు చేయడానికి ఒక బ్లేడు, ఒక పెన్ను చాలు, జిరాక్సులో ఆ గీకుడు కనపడదు. ఒరిజినల్‌ను వెలుతురుకు పట్టి చూడండి. ఫోన్‌లో ఫోటో చూపించి "ఒరిజినల్ ఇంట్లో ఉంది" అంటే, తెచ్చాకే రాస్తామని చెప్పండి. రెండు కాగితాల్లో రెండు తేదీలుంటే వయసు తక్కువ చూపే కాగితాన్ని పట్టుకోండి. ఒకప్పుడు ఒకటో తరగతిలో చేర్చడానికి వయసు కలిపి రాయించేవాళ్లు, కాబట్టి బడి తేదీ కూడా ఒక్కోసారి నిజానికంటే ముందే ఉండవచ్చు.

రిజిస్టరు

రెండు వందల పేజీల లాంగ్ బుక్ ఒకటి చాలు. పేజీలకు ముందే నంబర్లు వేసి, మొదటి పేజీలో గుడి ఈవో (కార్యనిర్వహణాధికారి) గానీ, సంఘం అధ్యక్షుడు గానీ సంతకం చేయాలి. మధ్యలో పేజీ చింపితే తెలిసిపోతుంది. వరుస సంఖ్య, వచ్చిన తేదీ, వధూవరుల పేర్లు, ఊళ్లు, ఇద్దరి పుట్టిన తేదీలు, చూసిన ఒరిజినల్ కాగితం పేరు, దాని నంబరు, అడిగిన ముహూర్తం, ఆ రోజుకు వయసు, నిర్ణయం, అమ్మాయి తరఫు పెద్ద సంతకం, ఫోన్ నంబరు. ఆధార్ నంబరు మొత్తం రాయవద్దు, చివరి నాలుగంకెలు చాలు. నమూనాగా ఒక వరుస ఇలా ఉంటుంది:

"17. తేదీ 4-3-2026. వధువు పు.తే. 19-8-2008 (పదో తరగతి మెమో, ఒరిజినల్). వరుడు పు.తే. 2-6-2002 (జనన ధ్రువపత్రం, 2002లోనే నమోదు). అడిగిన ముహూర్తం 26-4-2026. ఆ రోజుకు వధువుకు 17 ఏళ్ల 8 నెలలు. ముహూర్తం పెట్టలేదు. 19-8-2026 తర్వాత, శ్రావణంలో చూడాలి. తండ్రి సంతకం."

వెనక్కి పంపినవాళ్ల వివరాలు రాయడం చాలాచోట్ల మరిచిపోతారు, ఎక్కువ పనికొచ్చే వరుసలు అవే. తర్వాత ఎప్పుడైనా ఆ పెళ్లి మీ పేరు మీద జరిగిందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, మీరు కాదన్నట్టు రుజువు ఆ ఒక్క వరుసే.

పెద్ద క్షేత్రాల్లో ఈ పని కొంత జరుగుతూనే ఉంది. తిరుమలలో పాపవినాశనం రోడ్డులోని కల్యాణ వేదికలో పెళ్లికి వయసు రుజువు లేనిదే కుదరదు. అన్నవరం, ద్వారకా తిరుమల లాంటిచోట్ల మంచి ముహూర్తం రోజున కొండంతా పెళ్లిళ్లే, ఆ రద్దీలో కాగితాలు నిమిషంలో తిప్పేస్తారు. అక్కడ చేయాల్సింది గది, మండపం బుక్ చేసే కౌంటరు దగ్గరే వయసు తేల్చడం. రసీదు తెగాక ఆపడం ఎవరివల్లా కాదు. అసలు చిక్కు ఈవో లేని చిన్న గుళ్లది. ఊరి చివర ఆంజనేయస్వామి గుడి, అర్చకుడు పొద్దున దీపం పెట్టి పొలానికి పోతాడు, తాళంచెవి పక్కింట్లో ఉంటుంది. అలాంటి గుడి తాళంచెవి ఎవరి దగ్గరుందో వాళ్లకూ ఈ నియమం చెప్పాలి.

ఈ నియమం చెప్పడానికి సమావేశం పెట్టినప్పుడు బ్రాహ్మణ పురోహితులను మాత్రమే పిలిచి ఆగిపోవడం ఇంకో తప్పు. ఎన్నో కులాల్లో పెళ్లి జరిపేది జంగమయ్యో, దాసరో, కులపెద్దో. బ్యాండు మేళం, ఫోటోగ్రాఫరు, ప్రింటింగ్ ప్రెస్సు, ఫంక్షన్ హాలు వాళ్లను కూడా కూర్చోబెడితే మంచిది. శుభలేఖ ప్రూఫ్ చదివేవాడికి మీకంటే ముందే తెలిసే పెళ్లిళ్లూ ఉంటాయి.

కాదని చెప్పేది ఎలా

పురోహితుడి భయం జైలు గురించి కాదు, ఆ ఇంటి గురించి. మూడు తరాలుగా గృహప్రవేశాలు, తద్దినాలు చేయించుకునే ఇల్లు. కాదంటే రేపు పక్కవీధి పంతులుగారిని పిలుస్తారు. కాబట్టి కాదన్నది మనిషి కాకుండా నియమం అయ్యేట్టు చూడాలి. మండలంలోని పురోహితులంతా కలిసి ఒకే తీర్మానం రాసుకుని సంతకాలు చేయండి. గుడి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి: "ఇక్కడ ముహూర్తానికి వధూవరుల పదో తరగతి మెమో లేదా జనన ధ్రువపత్రం ఒరిజినల్ తేవాలి. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండనిదే లగ్నపత్రిక రాయబడదు. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098." అప్పుడు "అన్నా, నా చేతుల్లో లేదు, బోర్డు చూడు, నేను రాస్తే నా మీదే కేసు" అనేయవచ్చు. తిట్లు బోర్డుకు పోతాయి.

ఉత్త కాదని పంపించకుండా తర్వాతి తేదీ ఒకటి చేతిలో పెట్టండి. మూఢం, ఆషాఢం, అధికమాసం వస్తే ఎంత తొందరున్న ఇల్లయినా నెలలు ఆగుతుంది కదా. అమ్మాయికి 18 నిండాక వచ్చే మంచి మాసం ఏదో చెబితే వాళ్ల చెవికి అది ముహూర్తం మాటలానే వినపడుతుంది. ఆస్తి తగాదా, తాతకు బాగాలేదు, సంబంధం చేజారుతుంది అని సాకులు వస్తాయి. తెలంగాణలో కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ కింద సర్కారు ఇచ్చే పెళ్లి సాయం 1,00,116 రూపాయలు కూడా పెళ్లినాటికి అమ్మాయికి 18 నిండి ఉంటేనే. ఈ మాట చాలా ఇళ్లలో చట్టం కన్నా త్వరగా పనిచేస్తుంది.

"పోనీ తాంబూలాలైనా మార్చుకుంటాం, పెళ్లి తర్వాత" అంటే జాగ్రత్త. నిశ్చితార్థాన్ని చట్టం సూటిగా నిషేధించలేదు. ఈ లోటును 2024 అక్టోబరు 18 తీర్పులో సుప్రీంకోర్టే ఎత్తిచూపి, బాల్య నిశ్చితార్థాలను కూడా నేరం చేయడం గురించి ఆలోచించమని పార్లమెంటును కోరింది. తాంబూలాలు మారాక అమ్మాయి చదువు ఆగిపోతుంది, అబ్బాయి ఇంటివాళ్ల ఒత్తిడి మొదలవుతుంది. నిండనివాళ్లకు ఆ తంతు కూడా చేయించకండి.

ఎప్పుడు ఫోన్ చేయాలి, ఎవరికి

మీరు కాదన్నాక వాళ్లు నిజంగా ఆగుతారనిపిస్తే రిజిస్టరులో రాసి, అంగన్‌వాడీ టీచరుకు ఒక మాట చెప్పి ఉంచడం చాలు. ఇంకొకరి దగ్గరికి వెళుతున్నారని తెలిస్తే ఆ రోజే 1098. ఇరవైనాలుగు గంటలూ పలుకుతుంది. పెళ్లి ఈ రాత్రే అయితే అత్యవసర నంబరు 112. మన ముహూర్తాలు ఎన్నో అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున ఉంటాయి, ఆఫీసులు తెరిచేదాకా ఆగితే అక్షింతలు పడిపోతాయి. సీడీపీవో (అంగన్‌వాడీల పై అధికారి), తహసీల్దారు, పంచాయతీ కార్యదర్శి నంబర్లు రిజిస్టరు అట్ట లోపల రాసి పెట్టుకోండి.

ఫోన్‌లో "మా ఊళ్లో చిన్నపిల్ల పెళ్లి" అంటే పని జరగదు. అమ్మాయి పేరు, తండ్రి పేరు, వీధి, ఇంటికి గుర్తు, చదివిన బడి, అబ్బాయి ఊరు, పెళ్లి జరిగే చోటు, ముహూర్తం గంట చెప్పాలి. బడి పేరు చెబితే అధికారులు అక్కడికే ఫోన్ చేసి పుట్టిన తేదీ పది నిమిషాల్లో తెప్పించుకుంటారు. మీ పేరు బయటపెట్టొద్దని అడగండి. ఇతర పురోహితులను హెచ్చరించేటప్పుడు కూడా అమ్మాయి ఫోటో, ఊరూ పేరూ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. నోటితో చెప్పండి.

ఇంట్లోంచి పారిపోయి గుడికి వచ్చే జంటల సంగతి వేరు. అమ్మాయికి పదిహేడైతే దండలు మార్పించకూడదు. అలాగని వెంటనే ఆమె నాన్నకు ఫోన్ చేసి అప్పగించనూ కూడదు, కోపంలో ఏం జరుగుతుందో చెప్పలేం. ఇద్దరినీ కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, 1098కి చెప్పండి. అమ్మాయిని ఎక్కడ ఉంచాలో తేల్చాల్సింది బాలల సంక్షేమ కమిటీ, గుడి కమిటీ కాదు.

ఖాజీ ఆఫీసులో

సియాహా (నిఖా నమోదు) రిజిస్టరు ఎప్పటినుంచో ఉన్న చోటు కాబట్టి ఇక్కడ కొత్త పుస్తకం అక్కర్లేదు, పుట్టిన తేదీ, చూసిన కాగితం రాసే గడి ఒకటి కలిపితే చాలు. గండి పడేది నాయబ్ ఖాజీల (ఖాజీ తరఫున పనిచేసేవాళ్ల) దగ్గర. ఖాజీ సంతకం ముందే పెట్టిన ఖాళీ సియాహాలు చేతిలో పట్టుకుని ఇంటికెళ్లి నిఖా చదివించి, తర్వాత తెచ్చి అతికిస్తారు. సంతకం పెట్టిన ఖాళీ కాగితం బయటికి పోకూడదు. ఫారాలకు వరుస నంబర్లుండాలి, ఎవరికి ఎన్ని ఇచ్చారో, ఎన్ని తిరిగొచ్చాయో నెలకోసారి లెక్క చూడాలి. 2017 సెప్టెంబరులో హైదరాబాద్ పాతబస్తీ పెళ్లిళ్ల కేసులో ఒమన్, ఖతార్ దేశాల షేక్‌లతో పాటు ఖాజీలూ అరెస్టయ్యారు. వరుడు విదేశీయుడైతే పాస్‌పోర్టు, వీసా, వాళ్ల రాయబార కార్యాలయం పత్రం ఏవీ లేకుండా తేదీ ఇవ్వకండి. 1880 ఖాజీల చట్టం ప్రకారం నిఖాకు ఖాజీ ఉండితీరాలని లేదు, అందువల్ల మసీదు ఇమాములనూ ఈ నియమంలోకి తేవాలి.

చర్చిలో

మూడు ఆదివారాలు వివాహ ప్రకటన చదివే సంఘాల్లో సమయం కావలసినంత ఉంది. మొదటి ప్రకటనకు ముందే బాప్తిస్మ రిజిస్టరు తీసి బడి కాగితంతో పోల్చండి. 1872 భారత క్రైస్తవ వివాహ చట్టం 60వ సెక్షన్‌లోనూ 21, 18 అనే ఉంది. ఇబ్బంది స్వతంత్ర ప్రార్థనా మందిరాల్లో. వాటిలో చాలామంది పాస్టర్లకు పెళ్లి జరిపే లైసెన్సు ఉండదు, ప్రకటన చదివే అలవాటూ ఉండదు. అధికారం లేకుండా పెళ్లి చేస్తే 68వ సెక్షన్ కింద పదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. ఇది తెలిశాక చాలామంది తమంతట తామే పెద్ద సంఘానికి పంపించేస్తారు.

ఆపిన తర్వాత

అధికారులు వచ్చి తల్లిదండ్రుల చేత హామీపత్రం రాయించుకుని వెళ్లిపోయాక అసలు ప్రమాదం మొదలవుతుంది. అమ్మమ్మ ఊరికి పంపించి, సరిహద్దు దాటించి చేసేస్తారు. హామీపత్రం కంటే గట్టిది బాల్యవివాహ నిషేధ చట్టం సెక్షన్ 13 కింద మేజిస్ట్రేటు ఇచ్చే నిషేధ ఉత్తర్వు. అది ఉండగా చేసిన పెళ్లి సెక్షన్ 14 ప్రకారం మొదటి నుంచీ చెల్లదు. ఉత్తర్వు తెప్పించమని బాల్యవివాహ నిషేధ అధికారిని అడగండి, మీ రిజిస్టరు వరుసను ఆధారంగా ఇవ్వండి.

ఆపిన రోజు నుంచి పంచాంగంలో తర్వాతి మూడు నాలుగు పెళ్లి ముహూర్తాలు గుర్తుపెట్టి, ఒక్కోదానికి రెండు రోజుల ముందు అంగన్‌వాడీ టీచరుతో ఆ ఇంటికి కబురు చేయించండి. అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది పదో తరగతి పరీక్షలు అయ్యాక. బడి లేదు, ఫలితాలు రావాలి, వైశాఖం ముందుంది. అమ్మాయి ఇంటర్‌లోనో, కస్తూర్బా విద్యాలయంలోనో చేరిందా లేదా అన్నది జూన్‌లో ఒకసారి కనుక్కోండి. చేరితే రిజిస్టరులో ఆ వరుస పక్కనే రాసుకోండి. 18 నిండిన రోజున ఆ ఇంటివాళ్లు మళ్లీ వస్తే ముందు అమ్మాయితో, తల్లిదండ్రులు పక్కన లేకుండా, ఒక ఆడమనిషి చేత మాట్లాడించండి. ఆమె సరేనంటేనే పంచాంగం తీయండి.